సారెపిల్ల

పురుగుకు జ్ఞాపకశక్తి ఉంటుందని నాకు సూటిగా చెప్పింది ఏ ప్రొఫెసరూ కాదు, పందులు పెంచుకునే అంకమ్మ. "ఒకసారి తిన్న దెబ్బ పురుగు మర్చిపోదమ్మా. గుర్తు పెట్టుకునిద్ది. రెండోసారి అదే మందేస్తే నవ్విద్ది" అంది, కుడితి గోలెంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతూ. అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను ఇదే సంగతిని పెద్ద పెద్ద మాటల్లో, రంగుల బొమ్మలతో సహా పదిమందికి చెప్పి జీతం తీసుకుంటున్నాను.

ఈ మధ్య మా పని గురించి ఒక పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. రాసినవాళ్ల పేర్లే పద్నాలుగు. మొదటి పేరు నాది, డాక్టర్ వకుళ, పశువైద్య సూక్ష్మజీవుల విభాగం. అంకమ్మ ప్రస్తావన మూడో పేజీలో ఒక్కచోట వస్తుంది, 'స్థానిక పశుపోషకురాలు ఒకరు' అని. పేరు వెయ్యాలని పట్టుబట్టాను. అది మా పద్ధతి కాదన్నారు. సరే, వాళ్ల పద్ధతి వాళ్లది. నేను ఇక్కడ రాసుకుంటాను. ఆమె పేరు మానుపాటి అంకమ్మ. వయసు అరవై రెండు. ఉండేది కాలవకట్ట మీది ఎరుకల కాలనీలో. మా జిల్లాలో ఈ రోజు బడికి పోతున్న పిల్లల్లో కొందరు ఆమె వల్లే వెళ్లగలుగుతున్నారు. ఆ సంగతి ఆ పిల్లలకూ తెలియదు, వాళ్ల తల్లిదండ్రులకూ తెలియదు.

దొడ్డిజ్వరం మా ప్రాంతానికి వచ్చి అప్పటికి ఆరేళ్లు. దాన్ని తెచ్చేది పందుల పేగుల్లో హాయిగా కాపురముండే సాల్మొనెల్లా అనే పురుగు. కూనల్ని తప్ప పందుల్ని పెద్దగా బాధపెట్టదు. కానీ దొడ్డి నీళ్లు కాలవలో కలిసి, కాలవ నీళ్లు తోటకూర మడిలో పారి, ఆ తోటకూర మన వంటింటికి వచ్చిందంటే ఇక మనిషి రక్తంలోకి దిగుతుంది. పదేళ్లలోపు పిల్లలకు మరీ ప్రమాదం. వెనకటి రోజుల్లో ఇలాంటి జ్వరాలకు రెండు రూపాయల తెల్లబిళ్ల వేస్తే వారంలో లేచి తిరిగేవాళ్లు. ఇప్పుడు ఆ బిళ్లా, దాని తర్వాత వచ్చిన పది రకాల మందులూ అన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

దానికి అంత తెలివి ఎక్కడ అబ్బిందంటే, మేమే నేర్పాం. పందులు తొందరగా ఒళ్లు చేస్తాయని దాణాలో పొడి కలిపే అలవాటు ఊరూరా ఉండేది. ఆ పొడి మనుషులకిచ్చే మందే. రోజూ చిటికెడు చిటికెడు తిని పురుగు రాటుదేలింది. నా ఇరవై ఎనిమిదో ఏట పశువైద్య శిబిరాల్లో 'బలం మందు' అని ఆ పొట్లాలు ఉచితంగా పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. అంకమ్మ భర్త కోటిలింగం దొడ్డిజ్వరంతోనే పోయాడు. "నా చేత్తో నేనే కలిపాగదా పందులకి" అని ఆమె ఏడ్చినప్పుడు, ఆ పొట్లం ఇచ్చిన చెయ్యి నాదే కావచ్చని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పిన రోజున ఆమె కాసేపు నా మొహంలోకి చూసి "పోనీలేమ్మా, మీకు మాత్రం తెలుసా ఏంది" అంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

ఈ పురుగుకు విరుగుడుగా మేం తయారు చేసిన దానికి మా ల్యాబ్ టెక్నీషియన్ ఇలియాస్ పెట్టిన పేరు మరుపు. మొదటిరోజు పొద్దున సీసా మూత తీసి అంకమ్మ దొడ్లో నీళ్లతొట్టెలో పోస్తుంటే ఆమె దగ్గరికొచ్చి వాసన చూసింది.

"వాసనే లేదే. ఇదేం మందు డాక్టరమ్మా?"

"ఇది పురుగును చంపదు అంకమ్మా. మర్చిపోయేట్టు చేస్తుంది."

"మా ఆయనకి సారా చేసినట్టు."

"దాదాపు అంతే."

"ఆయనకి తెల్లారితే మళ్లీ అన్నీ గుర్తొచ్చేయి. దీనికి రావా?"

"రాకూడదనే నాలుగేళ్లు కష్టపడ్డాం" అన్నాడు ఇలియాస్.

ఆమెకు నమ్మకం కుదరలేదు. నేను నా బీరువా తాళాల గుత్తి బయటికి తీసి చూపించాను. సాల్మొనెల్లా ఒంట్లో ఇలాంటి గుత్తి ఒకటి ఉంటుంది, ఒక్కో మందును తప్పించుకోవడానికి ఒక్కో తాళంచెవి. మా సీసాలో ఉన్నది పురుగును పట్టే పురుగు. అది లోపలికి దూరి ఆ గుత్తిని తెంపేస్తుంది, తెంపినచోట తన గుర్తు ఒకటి వేస్తుంది, పక్కదాని మీదికి పోతుంది. బరువు దిగిన పురుగు చురుగ్గా తిని చురుగ్గా పెరుగుతుంది. కొన్నాళ్లకు దొడ్డంతా మతిమరుపు పురుగులే మిగులుతాయి. ఒకే ఒక్క షరతు, ఆ కొన్నాళ్లూ దొడ్లో ఏ మందూ పడకూడదు. పడితే గుత్తి ఉన్నవే బతికిపోతాయి, కథ మొదటికొస్తుంది.

"ఎన్నాళ్లు?" అంది.

"అరవై రోజులు."

"కూనలకి విరోచనాలు పట్టుకుంటే?"

అడిగిందే కానీ, ఆమెకు జవాబు తెలుసు.

ఆ అరవై రోజుల్లో తొమ్మిది కూనలు పోయాయి. అందులో ఒకటి పుట్టుకతోనే బక్కది. దాన్ని అంకమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని చెంచాతో గంజి పోసి ఇరవై రోజులు బతికించింది. అది పోయిన మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె గుమ్మంలో పొడి డబ్బాతో నిలబడి ఉంది. "అటక మీద దాచాను డాక్టరమ్మా. చెయ్యి అటే పోతంది. దీన్ని మీరు తీసకపోండి, నా మీద నాకు నమ్మకం లేదు" అని నా చేతిలో పెట్టింది. అంతకంటే గొప్ప సంతకం ఏ ఒప్పందపత్రం మీదా నేను చూడలేదు.

ఒప్పందపత్రం అంటే గుర్తొచ్చింది, కంచె గురించి చెప్పాలి. ఇలాంటి ప్రయోగాలకు ప్రభుత్వం పెట్టిన నియమం చాలా గట్టిది. ల్యాబులో పుట్టింది ఏదైనా సరే కంచె దాటిందని తేలితే, కంచె లోపలి పశువు ఒక్కటి కూడా మిగలకూడదు. యజమానికి పరిహారం కూడా రాదు. బయటికి పోయింది ఎక్కడ ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ భయం న్యాయమైనదే. ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. రాసేటప్పుడు మా బల్ల మీద టీ, జీడిపప్పు ఉన్నాయి. ఎదురుగా పందులుగానీ పందులవాళ్లుగానీ లేరు.

అందుకని అంకమ్మ దొడ్డి చుట్టూ రెండు వరసల కంచె వేశాం, దొడ్డి నీళ్లు కాలవలో కలవకుండా వేరే గుంటకు మళ్లించాం. పుట్టిన ప్రతి కూనకూ మూడోరోజున చెవికి బిళ్ల కుట్టాం. ప్రతి సోమవారం ఇలియాస్ వచ్చి లెక్క చూసుకునేవాడు. ఆ లెక్క ప్రకారం ఏ పందీ బయటికి పోలేదు, బయటిది లోపలికి రాలేదు. డెబ్బయ్యో రోజున పందుల పేడ తెచ్చి గాజుపళ్లెంలో పురుగును పెంచి, మధ్యలో రెండు రూపాయల బిళ్ల మందు అద్దిన కాగితం చుక్క పెట్టాం. పొద్దున తీసి చూస్తే ఆ చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత మేర పురుగు లేకుండా ఖాళీ. ఆరేళ్లలో అలాంటి ఖాళీని చూడలేదు. ఇలియాస్ పరిగెత్తి వెళ్లి కిలో జిలేబీ తెచ్చాడు. అందులో సగం అంకమ్మకు తీసుకెళితే, తను ఒకటి తిని మిగతావి పందులకు పెట్టింది. "పని చేసింది అయ్యేగా" అంది.

ఆ తర్వాత మూడు నెలలు కాగితాల పని నడిచింది. మందును కంచె బయట వాడడానికి అనుమతి కావాలంటే ఇంకా రెండేళ్లు పడుతుందన్నారు. నేను ఓపిగ్గా ఉన్నాను. అంకమ్మ మాత్రం ఒకరోజు పొద్దున్నే మా ల్యాబు గేటు దగ్గరికి నడిచి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"నా మనవరాలు డాక్టరమ్మా. నాగేంద్రం బిడ్డ" అంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నాగేంద్రం ఆమె ఒక్కగానొక్క కూతురు. పది మైళ్ల దిగువన, అదే కాలవ మీద ఉన్న కొత్తరేవులో ఇచ్చారు. ఆమె కూతురు ప్రవల్లికకు అయిదేళ్లు. "పది రోజుల్నించి జొరం. పెద్దాసుపత్రిలో పెట్టారు. ఇంక ఇయ్యడానికి మందుల్లేవని చెప్పారంట. మీకాడ ఏదన్నా ఉంటదేమోనని."

నా దగ్గర ఏముంటుంది? మా మరుపు పురుగుకు పెట్టేది, పిల్లకు పెట్టేది కాదు. అయినా ఆమెను కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లాను. పిల్లల వార్డు పెద్ద డాక్టరు సామ్రాజ్యం నాకు పాతికేళ్లుగా తెలుసు. వార్డులో దొడ్డిజ్వరం పిల్లలు పన్నెండుమంది, అందరూ కాలవ ఊళ్లవాళ్లే. ప్రవల్లిక కళ్లు మూసుకుని పడుకుని ఉంది, ఒళ్లు పెనంలా కాలుతోంది. సామ్రాజ్యం నన్ను పక్కకు పిలిచి "నాలుగు రోజులు అనుకుంటున్నా వకుళా" అంది. చేసేదేమీ లేక, ఏదో ఒకటి చెయ్యకుండా ఇంటికి పోలేక, పిల్ల రక్తంలో పెరిగిన పురుగును ఒక చిన్న గొట్టంలో అడిగి తీసుకున్నాను.

ఆసుపత్రుల్లో ఆ రెండు రూపాయల బిళ్లను పరీక్షించడం మానేసి చాలా ఏళ్లయింది. పనిచెయ్యదని తెలిసిన దాన్ని ఎవరు పరీక్షిస్తారు? మా ల్యాబులో మాత్రం అది రోజువారీ పని. అందుకే ఇలియాస్ మిగతా మందులతో పాటు ఆ చుక్క కూడా అలవాటుగా పెట్టేశాడు. మర్నాడు పొద్దున పళ్లెం తీసి నా బల్ల మీద పెట్టాడు.

తెల్లచుక్క చుట్టూ రూపాయి బిళ్లంత ఖాళీ.

"పళ్లేలు తారుమారయ్యాయా?" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా మేడం. అందుకే మూడుసార్లు పెట్టా. మూడూ ఇంతే."

"గుర్తు చూశావా?"

"మీరొచ్చాక చూద్దామని ఆగా."

ఇద్దరం చూశాం. గుత్తి తెగినచోట మా గుర్తు స్పష్టంగా ఉంది. కంచెకు పది మైళ్ల బయట, అయిదేళ్ల పిల్ల రక్తంలో. ఆ క్షణంలో నాకు సంతోషం ముందు వచ్చిందో భయం ముందు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. పిల్ల బతుకుతుంది. అది మొదటి మాట. రెండో మాట ఆలోచించకుండా సామ్రాజ్యానికి ఫోన్ చేశాను.

"ఆ బిళ్లా? అది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?" అంది ఆమె.

"నా దగ్గర ఉన్నాయి, ఇలియాస్‌తో పంపిస్తున్నా. వెంటనే వెయ్యి."

"పనిచేస్తుందని నీకెలా తెలుసు?"

"పళ్లెంలో చూశాను. నన్ను నమ్ము."

ఆమె నమ్మింది. మధ్యాహ్నం మొదటి బిళ్ల పడింది. రెండో రోజుకు ప్రవల్లిక జ్వరం రెండు డిగ్రీలు దిగింది, లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగింది. సామ్రాజ్యం ఫోన్లో ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని అసలు మాట చెప్పింది. "ఒక్క పిల్లకి నా ధైర్యం మీద ఇచ్చా. ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్లకి ఇవ్వాలంటే కాగితం కావాలి. ఈ మందు ఉన్నట్టుండి ఎందుకు పనిచేస్తోందో రాసిన కాగితం. కాలవ పొడుగునా నాలుగు ఆసుపత్రులున్నాయి, వాళ్లూ అడుగుతారు. త్వరగా పంపు."

కాగితం అంటే పూర్తి రిపోర్టు. పూర్తి రిపోర్టులో మా గుర్తు ఉంటుంది. మా గుర్తు కనబడితే కంచె దాటిందని తేలిపోతుంది. ఇలియాస్ గోడకు ఆనుకుని "ఆ ఒక్క ముక్కా లేకుండా రాస్తే?" అన్నాడు, తను కూడా దాన్ని నమ్మకుండానే. ఎందుకు మర్చిపోయిందో చెప్పకపోతే, మళ్లీ గుర్తు తెచ్చుకోదని హామీ ఇవ్వలేం. ఏ డాక్టరూ పదకొండుమంది పిల్లల మీద అలాంటి మందు వాడడు, వాడకూడదు కూడా.

ఆ మధ్యాహ్నం అంకమ్మ దగ్గరికి వెళ్లాను. మనవరాలికి నయమవుతోందన్న కబురు ఆమెకు అప్పటికే అందింది. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ముందు నిలబడి అడగాల్సి వచ్చింది.

"అంకమ్మా, ఈ దొడ్లోంచి ఏ పందైనా బయటికి పోయిందా?"

"పోలా. మీ అబ్బాయి వారం వారం లెక్క చూసుకుంటన్నాడుగా."

"నాగేంద్రం ఇంటికి ఏదైనా పంపావా?"

"నాగేంద్రానికా?" ఆమె ఆశ్చర్యపోయింది. "దాని సారెపిల్ల దానికి పోయింది. అది ఎప్పుడూ పోయేదేగా."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు ఆమె చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. పంది ఈనితే, మొదట బయటపడిన ఆడకూన ఆ ఇంటి ఆడబిడ్డది. పెళ్లై పోయిన కూతురికి పుట్టింటి సారె అన్నమాట. అది తల్లి దగ్గర పాలు తాగుతుందే కానీ, పుట్టిన క్షణం నుంచీ పరాయి సొమ్ము. ఇంటివాళ్లు దాన్ని తమ మందలో లెక్కపెట్టరు, అమ్మరు, కొయ్యరు. పాలు మానగానే గంపలో పెట్టి, పసుపు రాసి పంపించేస్తారు.

"మరి దాని చెవికి బిళ్ల కుట్టలేదా?"

"కూతురి సొమ్ముకి చెవి నేనెట్టా కుట్టిస్తానమ్మా? మీరొచ్చిన రోజు గంప కింద పెట్టా."

"అరవలేదా?"

"బెల్లంముక్క పెట్టా."

నాకు కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. నాలుగేళ్ల పని, రెండు వరసల కంచె, వారం వారం లెక్కలు, అన్నీ ఒక బెల్లంముక్క దగ్గర ఓడిపోయాయి. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆసుపత్రి మంచం మీద మజ్జిగన్నం అడిగిన పిల్ల గుర్తొచ్చింది. ఈమె నా నియమం పాటించి ఉంటే ఆ మంచం ఈపాటికి ఖాళీ అయ్యేది. పసుపు రాసిన ఆ కూన కొత్తరేవు దొడ్డికి మరుపును మోసుకెళ్లింది. అక్కడి పురుగులు గుత్తులు పారేసుకున్నాయి. ఆ పురుగే తర్వాత కాలవ వెంట పోయి ఆ పిల్లకూ, వార్డులో మిగతా పిల్లలకూ జ్వరం తెచ్చింది, కానీ చేతిలో ఆయుధం లేకుండా వచ్చింది. నోరు మూసుకుని ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. జరిగింది మొత్తం చెప్పాను, దాచకుండా.

ఆమె చివరిదాకా వింది. తర్వాత అడిగింది.

"మీరు ఆ కాగితం రాస్తే ఏమైద్ది?"

"ఈ దొడ్లో ఉన్న ముప్పై ఒక్కటీ పోతాయి. నాగేంద్రం దగ్గర ఉన్నదీ పోతుంది. డబ్బులు కూడా రావు."

"రాయకపోతే?"

"నీ పందులు నీకుంటాయి. ప్రవల్లికకు ఎలాగూ తగ్గుతోంది."

"మిగతా పిల్లలకో?"

"వాళ్లకు ఆ బిళ్ల ఇవ్వరు."

"ఎంతమంది?"

"మన ఆసుపత్రిలో పదకొండుమంది. మిగతాచోట్ల ఎందరో తెలియదు."

అప్పటికి మేత వేళయింది. పందులు కంచె దగ్గర చేరి గొడవ చేస్తున్నాయి. ఆమె లేచి, బిందెతో కుడితి తీసుకెళ్లి తొట్లలో పోసింది. ముసలి పందిని ఒకదాన్ని మెడ కింద గోకింది. అది కోటిలింగం బతికుండగా కొన్నదట, సారెపిల్లను ఈనింది కూడా అదేనట. ఆ పందులు తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. పొలం లేదు, కొడుకుల్లేరు. ఆమె వద్దంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. రాసే ఉంటాననుకుంటాను. కానీ ఆమె మీద ఆ బరువు పెట్టినందుకు సిగ్గు ఇప్పటికీ ఉంది, ఆమె దాన్ని ఎత్తుకున్న తీరుకు కృతజ్ఞత ఉంది. రెండూ నాతోనే పోతాయి.

చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"రాయి తల్లీ" అంది.

అంతకుముందు నన్నెప్పుడూ తల్లీ అనలేదు, నువ్వు అనలేదు.

"తప్పు నాదని రాస్తాను అంకమ్మా. నీ ఆచారం కనుక్కోకుండా కంచె కట్టింది నేనే."

"తప్పేముంది ఇందులో? బిడ్డకి సారె పెట్టడం తప్పా, పిల్లల్ని బతికించడం తప్పా? రాయి. పొద్దు వాలకముందే పంపు."

పంపాను. మర్నాటికి అనుమతి వచ్చింది. పదకొండుమందిలో పదిమంది ఇళ్లకు వెళ్లారు. ఒక బాబు మాత్రం అనుమతి వచ్చిన పూటే పోయాడు. అతని పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. మూడో రోజున తెల్లబట్టల మనుషులు వ్యానుల్లో కాలవకట్టకు వచ్చారు. వాళ్లను చూసి పందులు బెదిరి మూలకు తోసుకున్నాయి. అంకమ్మ వాళ్లను ఆగమంది. కల్యాణమండపం నుంచి తెచ్చిన కుడితిలో బెల్లం కలిపి అన్నిటికీ కడుపునిండా పెట్టింది. తర్వాత ఒక్కోదాన్నీ తనే నాలుక మడిచి పిలిచే పిలుపుతో పిలిచింది. పిలిచినదల్లా ఆమె వెనకే నడిచింది. ముప్పై ఒకటో పంది వెళ్లాక దొడ్డి వెనక్కి పోయి కూర్చుంది. ఇలియాస్ వెళ్లి మంచినీళ్లిచ్చాడు. నాకు దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు.

నన్ను ఏడాది ల్యాబుకు దూరం పెట్టారు. ఆ ఏడాదిలోనే కాలవ పొడుగునా నాలుగు ఆసుపత్రుల్లో పిల్లలు ఆ రెండు రూపాయల బిళ్లతో లేచి తిరిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత నియమం మార్చారు. మరుపు ఇప్పటికి ఎన్ని దొడ్లకు చేరిందో మా లెక్కల్లో లేదు. నాగేంద్రం దగ్గరి మిగతా పందులు ఈని ఉంటాయి, వాటి సారెపిల్లలు ఆమె ఆడబిడ్డల ఇళ్లకు పోయి ఉంటాయి. అంకమ్మకు ప్రభుత్వం ఇవ్వని పరిహారాన్ని మా ల్యాబువాళ్లమంతా చందాలేసుకుని ఏడు పందులుగా ఇచ్చాం. ముప్పై ఒకటికి ఏడు ఏ లెక్కన చూసినా తక్కువే. ఆమె మాత్రం ఏడింటికీ పేర్లు పెట్టి, ఇలియాస్ పేరు కూడా ఒకదానికి పెట్టింది. అతను దాన్ని ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఒక్క సంగతి మిగిలింది. పందులు పోయిన నాలుగో రోజున ప్రవల్లికను ఇంటికి పంపించారు. అంకమ్మ, నేను కలిసి వెళ్లాం. నాగేంద్రం కింద మందుల కోసం వరసలో ఉంది. నేను పిల్ల బట్టలు సర్దుతున్నాను. అంకమ్మ మనవరాలి జుట్టు దువ్వి జడ వేస్తోంది. పక్క మంచం మీద ఏడేళ్ల పాప ఉంది, ఆ పదిమందిలో ఒకతె. బిళ్ల మొదలుపెట్టి ఇంకా వారం కాలేదు, జ్వరం అప్పుడే జారి నుదురంతా చెమట పట్టి ఉంది. తల్లి విసనకర్రతో విసురుతోంది. ఆమె అంకమ్మ వైపు చూసింది. ఎవరో ఏమిటో గుర్తుపట్టింది కాబోలు, తన స్టూలును చప్పుడయ్యేట్టు అవతలికి లాక్కుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"వీళ్ల పందుల వల్లేగా మన పిల్లలకి ఈ గతి పట్టింది. మళ్లీ ఈ గదిలోకే వచ్చి కూర్చుంటారు, సిగ్గన్నా ఉండాలి" అంది, ఎవరితోనో అన్నట్టు.

నా ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "అమ్మా, ఈమె ఎవరో, మీ పాప ఈ రోజు..." అంటూ గొంతు పెంచబోయాను.

అంకమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి గట్టిది. పక్క మంచం వైపు కళ్లతోనే చూపించి, నాకు మాత్రమే వినపడేట్టు అంది.

"అరవబాకు తల్లీ. ఆ పిల్లకి ఇప్పుడే నిద్రపట్టింది."

జడకు రిబ్బను కట్టి, మనవరాలిని చంకనెత్తుకుంది. చప్పుడవుతుందని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆ మంచాల మధ్యనుంచి నడిచింది. నేను కూడా నా చెప్పులు విప్పి ఆమె వెనకే నడిచాను.